మూడు నూళ్ల వదులు

ఆ టైలరుకి అమ్మానాన్నలు పెట్టిన పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం చిన్నా పెద్దా అందరికీ అతను 'తెలుసులే'. ఎవరేం చెప్పబోయినా వాళ్ల నోట్లోంచి మొదటి మాట ఊడిపడకముందే "తెలుసులే" అంటాడు మరి. వాన వచ్చేలా ఉందంటే తెలుసులే. చొక్కా తిరగేసి వేసుకున్నావంటే తెలుసులే. "నీ షాపు వెనక గోడకి నిప్పంటుకుందయ్యా!" అని ఒకసారి ఎదురింటావిడ గొంతు చించుకుంటే, దానికీ "తెలుసులే" అని ఇంకో జేబు కత్తిరించుకుంటూ కూర్చున్నాడట. కాసేపటికి పొగలోంచి దగ్గుకుంటూ, మెడలో టేపుతో, చేతిలో ఆ జేబుతో వీధిలోకి పరిగెత్తాడు. అప్పుడు కూడా ఆ నిప్పు సంగతి తనకి ముందే తెలిసినట్టు మొహం పెట్టాడని చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

చదువు సంగతి చెప్పుకోవాలంటే రెండు ముక్కల్లో తేలిపోతుంది. రెండో తరగతిలో మాస్టారు ఎక్కాలు మొదలుపెట్టగానే మనవాడు తెలుసులే అన్నాడు. మూడో తరగతిలో కూడా అదే మాట. "అయ్యా, మీవాడికి నాకంటే ఎక్కువ తెలుసు. నా ఉద్యోగం పోయేలోపు తీసుకెళ్లిపోండి" అని మాస్టారు వాళ్ల నాన్నకి దండం పెట్టాడు. నాన్న తీసుకెళ్లి కుట్టుపనికి పెట్టాడు. గుడ్డకి నోరు లేదు కాబట్టి, అది ఏమీ చెప్పదు కాబట్టి, దానికి తెలుసులే అని బదులిచ్చే అవసరం రాలేదు. అందుకే ఈ జన్మకి ఆ ఒక్క పనీ వంటబట్టింది.

షాపంటే పెద్ద షాపేం కాదు. ఇద్దరు మనుషులు ఒకేసారి తుమ్మితే గోడలు తగిలేంత. రెండు మిషన్లు, ఒక పగిలిన అద్దం, కాళ్ల కింద మోకాళ్ల దాకా గుడ్డ పేలికలు. ఒక మిషను మీద అతను, రెండో దాని మీద అతని భార్య. కాజాలు, గుండీలు, అంచులు, గిరాకీలతో మాట్లాడటం ఆవిడ వంతు. మొగుడు గిరాకీతో మాట్లాడితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. "చేతులు కాస్త పొడుగ్గా" అని వాళ్లు పూర్తిగా అనకముందే ఈయన తెలుసులే అంటాడు, తీరా చూస్తే చొక్కాకి చేతులే ఉండవు.

ఇలాంటివాడికి పడవ పిచ్చి ఎలా పట్టింది? అక్క మొగుడి వల్ల. ఆ బావకి సరస్సులో ఒక చిన్న తెరచాప పడవ ఉండేది. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నీళ్లలో ఉండాల్సిందే, అంత పడవ. పన్నెండేళ్ల కిందట దాని తెరచాప చిరిగితే మనవాడు అతుకు వేసి ఇచ్చాడు. ఆ ఒక్క అతుకుతో సరస్సు మొత్తం తనే కుట్టి పరిచినట్టు ఆదివారం ఆదివారం బావ వెనకాల చుక్కాని పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఉన్నమాట చెప్పుకోకపోతే కళ్లు పోతాయి, గాలి సంగతి మాత్రం అతనికి నిజంగానే తెలుసు. గుడ్డ ఎక్కడ ముడతపడుతోంది, ఎక్కడ బిగుసుకుంటోంది అని చూసే కళ్లు కదా. తెరచాప అంచు కాస్త వణికితే చాలు, గాలి ఏ పక్కకి తిరగబోతోందో చెప్పేవాడు. వారమంతా ఊళ్లోవాళ్ల నడుములు కొలుస్తూ వంగి ఉండే మనిషి, ఆ ఒక్క సాయంత్రం వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవాడు. షాపులో ఎవరైనా పడవ మాటెత్తితే "మా పడవ" అనడం ఎప్పుడో మొదలైంది. ఆ తర్వాత "మా" కాస్తా "నా" అయింది. బావకి ఈ సంగతి తెలీదు. ఊరందరికీ తెలుసు.

బావకి డెబ్బై దాటాయి, మోకాళ్లు మొరాయించాయి. కానీ నోరు మాత్రం ఇరవై ఏళ్ల కుర్రాడిలా పరిగెడుతుంది. పడవని షెడ్డులో పక్కకి ఒరిగించి, పాత టైర్ల మీద ఆనించి, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని బావమరిదిని పిలిపించాడు.

"ఇలా చూడు. పడవ కడుపులో ఈ పెట్టె ఉంది కదా, దీంట్లోంచి పలక కిందకి దిగుతుంది."

"తెలుసులే బావా."

"ఏడిశావు. బళ్లోనే పలక పట్టుకోలేదు, నీకు పలక సంగతి తెలుసా? ఇది నీళ్లలోకి దిగితేనే పడవ గాలికి ఎదురెళ్తుంది. దిగకపోతే పీతలా పక్కకి నడుస్తుంది. ఈ పలక మొత్తం ఒక్క సీల మీద ఊగుతుంది. ఆ సీల అరిగి అరిగి ఇలా తయారైంది."

సీల అంటే బొటనవేలంత ఇనప కడ్డీ. పెట్టె ఈ గోడలోంచి దూరి, పలక రంధ్రంలోంచి వెళ్లి, ఆ గోడలోంచి బయటికొస్తుంది. అటూ ఇటూ మరలు బిగిస్తారు. బావ దాన్ని లాగి చేతిలో పెట్టాడు. నడుమ్మీద అరిగిపోయి, తిని పారేసిన మామిడి టెంకలా ఉంది. పలకని ఊపితే లొడలొడలాడింది, ముసలివాడి పళ్ల సెట్టులాగా.

"విను. ఇది నాకిక పనికిరాదు. ఈ పడవ నువ్వూ అడుగుతున్నావు, లేతు మేస్త్రీ అడుగుతున్నాడు. ఇరవై ఏళ్లుగా దీని మేకులూ మరలూ వాడే చేసిపెట్టాడు, వాడికీ ఆశ ఉండదా? కాబట్టి ఒకటే మాట. ఈ సీల సంగతి నువ్వు చూడు. వచ్చే ఆదివారం నన్ను కూర్చోబెట్టుకుని అవతలి గట్టుకి తీసుకెళ్లు, మళ్లీ ఇవతలికి తీసుకురా. నేను తడవకుండా దిగితే పడవ నీది. తడిస్తే మేస్త్రిది."

"నా పడవ" అని ఊరంతా చాటుకున్నవాడికి అది ఇంకా తనది కాదని ఎదురుగా నిలబెట్టి చెప్పినట్టయింది. పైగా ఇంట్లో మిషను పక్కన కొత్త తెరచాప కూడా సగం కుట్టేసి ఉంది. రెండేసి వరసల కుట్టు, మూలలకి తోలు ముక్కలు. భార్యకి ఒక్క జాకెట్టు కుట్టమంటే ఆరు నెలలు తిప్పుకునేవాడు, పడవకి మాత్రం నలభై రోజులుగా కుడుతున్నాడు. ఆ తెరచాప ఇక వేరేవాడి గుంజకి ఎక్కాలా?

"అంతేనా బావా? ఇదెంత పని!" అని పైకి నవ్వేశాడు.

లేతు మిషను మీద ఇనుము తిప్పి చెక్కే ఆ మేస్త్రి షాపు అదే వీధి చివర. ఆయనకి మాటలంటే ఎంత పిసినారితనమంటే, పెళ్లిచూపుల్లో తల ఊపి ఊరుకున్నాడట, భార్య ఆయన గొంతు మొదటిసారి విన్నది మొదటి బిడ్డ పుట్టాకే అంటారు. నల్ల గ్రీజు పట్టిన చేతులు, చెవి వెనక పెన్సిలు. టైలరు ఆ పలకని చంకలో ఇరికించుకుని, అరిగిన సీల పట్టుకుని రాగానే మేస్త్రి మొహంలో ఒక్క క్షణం మబ్బు కమ్మింది. ఏ పందెం కోసం ఈ సీలో ఆయనకీ తెలుసు. అయినా పని పనే. కొలత ముళ్లు పెట్టి సీల చూశాడు, పెట్టె గోడల కొలత అడిగాడు, పలక రంధ్రంలో వేలు పెట్టి తిప్పాడు.

"సీల చేసిస్తా. కానీ పలక రంధ్రం మూడు నూళ్లు వదులుంది."

"తెలుసులే."

"ఏం తెలుసు?"

"మూడు నూళ్లు. నేను చూసుకుంటా."

"చూసుకోవడం కాదు టైలరూ, అది నింపి, లోపల..."

"తెలుసులే మేస్త్రీ! నూలు సంగతి నాకే చెప్తున్నావా? నలభై ఏళ్లుగా నూలుతోనే నా బతుకు!"

మేస్త్రి నోరు మూసుకున్నాడు. టైలరంటే కొలతల మనిషే కదా, నిజంగానే తెలిసి ఉంటుందనుకున్నాడు పాపం. ఇక్కడే కొంప మునిగింది. వడ్రంగికీ కమ్మరికీ లేతు మేస్త్రికీ నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మూడు నూళ్ల వదులంటే చిటికెనవేలు దూరిపోయేంత సందు. మరి టేపులో అంగుళం, అర, పావు తప్ప ఇంకేమీ చదవని మన టైలరుకి నూలంటే ఏంటి? దారం! సందులో మూడు దారాలు చుట్టమన్నాడనుకున్నాడు. మేస్త్రి "నింపి" అన్నాక, దేంతో నింపాలో చెప్పేలోపే ఆయన నోటికి కుట్టు వేసేశాడు.

రెండు రోజుల తర్వాత తళతళలాడే కొత్త సీల ఇస్తూ, దాంతోపాటు రెండు రబ్బరు బిళ్లలు కూడా చేతిలో పెట్టాడు మేస్త్రి. పెట్టె గోడల దగ్గర నీళ్లు కారకుండా సీలకి అటూ ఇటూ వేసే బిళ్లలవి. "ఇవి..." అనేలోపే "తెలుసులే" అని జేబులో వేసుకున్నాడు. ఇంటికొచ్చి, పాత కుళాయిలవి ఏమోలే అనుకుని సొరుగులో పారేశాడు.

ఆ మధ్యాహ్నం షాపులో గిరాకీ లేదు. మిషను మీద సీలని పడుకోబెట్టి, మైనం పూసిన దారం మూడు చుట్లు చుట్టాడు. పలకలో పెట్టి చూశాడు. బావిలో చెంచా వేసినట్టు లొడలొడలాడింది. భార్య కాజా కుడుతూ ఓరకంట చూసింది.

"ఏంటండీ అది?"

"సీలకి నూలు. మూడు నూళ్లు చుట్టమన్నాడు మేస్త్రి."

"చుట్టమన్నాడా?"

"చుట్టమనే కదా అర్థం! మూడు చుట్లు చాలట్లేదు, చూడు." అతను తల గోక్కున్నాడు. ఉన్నట్టుండి అతని కళ్లు మిలమిలా మెరిశాయి. "మూడు నూళ్లంటే మూడు దారాలు కాదే పిచ్చిదానా. మూడు రీళ్లు!"

"ఎందుకైనా మంచిది, వీధి చివరే కదా, ఒక్కసారి వెళ్లి అడిగి రండి. కాళ్లేం అరిగిపోవు."

"అడగడానికేముంది? వాడే చెప్పాడు."

"దారం నీళ్లలో ఉబ్బుతుందండీ. తడిసిన లంగా నాడా విప్పడానికి నా గోళ్లు విరుగుతాయి."

"తెలుసులే."

మూడు రీళ్లు చుట్టాడు. తెల్లది అయిపోతే నల్లది, నల్లది అయిపోతే ఎవరిదో జాకెట్టు కోసం తెచ్చిన ఎర్రది. సీల కాస్తా నడుమ్మీద పొట్ట వచ్చి, ఏడో నెల నిండినదానిలా తయారైంది. తీరా పలకలో దూర్చి చూస్తే, సరిగ్గా అతికినట్టు సరిపోయింది! లొడలొడ లేదు, కదలిక లేదు. మనవాడు మిషను మీద చెయ్యేసి కొట్టాడు. లెక్కకి లెక్క కుదిరింది, ఇంకేం రుజువు కావాలి? ఇక ఆగుతాడా? మరలు నొక్కుకోకుండా అటొకటి ఇటొకటి వేయడానికి భార్య డబ్బాలోంచి పెద్ద కోటు గుండీలు రెండు తీశాడు.

"అవి నాలుగు చిల్లుల గుండీలండీ!"

"గట్టి గుండీలు."

"గట్టివే. చిల్లులు కూడా గట్టివే."

శనివారం షెడ్డులో పలక ఎక్కించి, సీల దిగ్గొట్టి, పలక వెనక చివరికి తాడు కట్టి పైకి లాగాడు, కిందకి వదిలాడు. ఒడ్డు మీద ఆరిన పలక చప్పుడు లేకుండా మెత్తగా తిరిగింది, పట్టు గుడ్డలో సూది దిగినట్టు. వీధిలో దారి పొడవునా ఆగి ఆగి చెప్పుకుంటూ ఇంటికొచ్చాడు. పాల దుకాణం దగ్గర ఇరవై నిమిషాలు, మందుల షాపు దగ్గర అరగంట. ఆ మందుల షాపువాడు మర్నాటి నుంచి తలనొప్పి మాత్రలు బయటికి తీసి పెట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నానికి గట్టు మీద సగం వీధి ఉంది. పెళ్లికి కూడా ఇంతమంది రారు. బావ ఒక దిండు, ఒక గొడుగు, ఒక మఫ్లరు వేసుకుని దిగ్విజయానికి బయల్దేరిన రాజులా వచ్చి పడవలో కూర్చున్నాడు. కొత్త తెరచాప ఎక్కగానే అందరూ ఆహా అన్నారు. అది మాత్రం నిజంగానే చూడముచ్చటగా ఉంది, ఒక్క ముడత లేదు. మేస్త్రి సైకిలు ఆనించుకుని దూరంగా నిలబడ్డాడు.

గాలి వెనక నుంచి తోస్తోంది. గాలి వెనక నుంచి ఉంటే పలక దించక్కర్లేదు. చెక్క ముక్క మీద చొక్కా ఆరేసి వదిలినా అవతలి గట్టుకి చేరుతుంది. ఇది తన గొప్పే అనుకున్నాడు మనవాడు. పావుగంటలో అవతలి గట్టు దగ్గరికి చేరి, పడవ ముక్కుతో రెల్లు గడ్డిని తాకించి "చూశావా బావా!" అన్నాడు.

"చూశాను. సగమే కదా అయింది. తిప్పు."

తిప్పాడు. ఇప్పుడు గాలి మొహానికి కొడుతోంది. పలక దించాలి. తాడు వదిలాడు. పలక దిగలేదు. తాడు కుదిపాడు. దిగలేదు. అప్పటికి పావుగంటగా నీళ్లు తాగి తాగి ఆ మూడు రీళ్ల దారం ఎంత ఉబ్బిందంటే, సీలనీ పలకనీ కలిపి పిడికిట్లో బిగించి కూర్చుంది. పడవ ఒక అడుగు ముందుకి వేస్తే ఆరడుగులు పక్కకి జరుగుతోంది.

"ఏంట్రా ఇది? ముందుకి పోరా అంటే వయ్యారంగా పక్కకి పోతోంది?"

"తెలుసులే బావా, గాలి సర్దుకోవాలి."

"గాలి సర్దుకుందిరా. నా ప్యాంటు తడుస్తోంది."

కింద చూస్తే ఆ రెండు కోటు గుండీల ఎనిమిది చిల్లుల్లోంచి ఎనిమిది పిల్ల కాలవలు! సన్నగా, చక్కగా, లెక్కపెట్టి వదిలినట్టు. మనవాడు రెండు చేతుల్తో నీళ్లు తోడాడు, చుక్కాని వదిలేశాడు, తెరచాప అటు కొట్టుకుంది, బావ గొడుగు సరస్సులో పడింది. గట్టు మీద జనానికి ఏమీ వినపడట్లేదు గానీ, కనపడుతున్నదానికే కడుపులు చెక్కలవుతున్నాయి.

"దిగవే! దిగు!" అంటూ లేచి నిలబడి పలక తల మీద కాలితో ఒక్క తన్ను తన్నాడు. ఇంకో తన్ను. మూడో తన్నుకి పలక దిగింది. ఊరికే దిగలేదు. అరిగి అరిగి పలచబడ్డ రంధ్రం అంచు ఫెళ్లున చీలి, సీలని వదిలించుకుని, తాడుని కూడా లాక్కుని పెట్టెలోంచి కిందకి జారిపోయింది. సీల మాత్రం తన మూడు రంగుల దారంతో పెట్టెలో ఒంటరిగా మిగిలింది. రెండు క్షణాల తర్వాత పది బారల దూరంలో ఆ చెక్క పలక తేలింది, తోకలా తాడు వెంటేసుకుని.

బావ దాన్ని చూస్తూ అన్నాడు: "ఒరేయ్, నీ పడవ కంటే నీ పలకే బాగా ఈదుతోందిరా. దాని మీదెక్కి పోదాం పద."

గాలి పడవనీ పలకనీ ఒకే రెల్లు గడ్డిలోకి నెట్టి పడేసింది. బావ నడుం దాకా నీళ్లలో దిగి, దిండు నెత్తిన పెట్టుకుని గట్టెక్కాడు. మనవాడు పలకని చంకలో పట్టుకుని వెనకాల వచ్చాడు. సరస్సు చుట్టూ తిరిగి సైకిలేసుకుని వచ్చిన మేస్త్రి మాట్లాడకుండా పడవలోకి వంగాడు, మరలు విప్పాడు, సీల బయటికి లాగాడు. ఉబ్బిన తెలుపూ నలుపూ ఎరుపూ చూసి ఆయన కనుబొమ్మలు జుట్టులోకి పోయాయి.

"ఇదేంటి టైలరూ?"

"మూడు నూళ్లు. నువ్వే కదా అన్నావు."

మేస్త్రి ఒక కొస పట్టుకుని విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతున్నాడు, విప్పుతున్నాడు, దారం గట్టు మీద పక్షిగూడంత కుప్పయింది. బావ తడిసిన ప్యాంటు పిండుకోవడం ఆపి చూస్తున్నాడు. మేస్త్రి భుజాలు ఊగడం మొదలైంది. ముందు దగ్గొచ్చిందేమో అనుకున్నారు. తర్వాత తెలిసింది, అది నవ్వు. ఆ మనిషి నవ్వగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు కాబట్టి ఆయనకే ఎలా ఆపాలో తెలీలేదు, కూలబడిపోయి నేల మీద చెయ్యేసి కొట్టుకున్నాడు.

మనవాడు నీళ్లు కారుతూ నిలబడ్డాడు. మొదట కోపమొచ్చింది. తర్వాత మేస్త్రి చేతిలోని ఆ దారం కేసి చూశాడు. చీలిన పలక అంచు కేసి చూశాడు. ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసింది, ఏంటో తెలీలేదు. ఆ మాట బయటికి రావడానికి కాన్పంత కష్టమైంది.

"నూలంటే... ఏంటి మేస్త్రీ?"

బావ చేతిలోంచి దిండు జారి కిందపడింది. నలభై ఏళ్లలో ఆ మనిషి నోటి నుంచి ప్రశ్న రావడం అదే మొదలు.

మేస్త్రి నవ్వు ఆపి, కళ్లు తుడుచుకుని, చెవి వెనక పెన్సిలు తీసి పలక మీద ఒక అంగుళం గీసి ఎనిమిది ముక్కలు చేశాడు. "ఇదిగో, ఇదొకటి. ఇలాంటివి మూడు."

మనవాడు ఆ గీతల మీద వేలు పెట్టి చూశాడు.

"సరే," అన్నాడు బావ, "నేను తడిశాను. మాట మాటే. పడవ మేస్త్రిది." ఇంకేదో ఎత్తిపొడుపు నాలుక చివర దాకా వచ్చింది గానీ, బావమరిది మొహం చూసి మింగేశాడు. బావ జీవితంలో మింగిన ఎత్తిపొడుపు అదొక్కటే.

మనవాడు వెళ్లి తెరచాప దించాడు. అది తనదే, కావాలంటే ఇంటికి పట్టుకుపోవచ్చు. ఎవరూ కాదనరు. దాన్ని కుట్ల వెంబడి మడత మీద మడత పెట్టి, ముడత పడకుండా అరచేత్తో నొక్కి, పడవలో పెట్టేశాడు. ఇంటిదాకా నడిచే వెళ్లాడు, పాల దుకాణం దగ్గర ఆగలేదు. మందుల షాపువాడు ఒంట్లో బాగోలేదేమో అని బయటికొచ్చి చూశాడు.

మర్నాడు షాపులో మిషను నోరెత్తలేదు. భార్య మధ్యాహ్నం దాకా ఓర్చుకుంది.

"ఏవండీ, మూడు రీళ్ల దారం పాడుచేశారు. వెళ్లి ఆ పలక ఎలా బాగుచేస్తాడో అదైనా చూసి రండి, దండగ పోకుండా."

వెళ్లాడు. గుమ్మం దగ్గర నిలబడి చెప్పులు విడవాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. మేస్త్రి స్టూలు తోశాడు. చీలిన అంచుకి చెక్క ముక్క అతికించి, జిగురు ఆరాక కొత్తగా రంధ్రం తొలిచి, అందులో ఇత్తడి గొట్టం ముక్క దిగ్గొట్టాడు. సీల ఇక చెక్కని తినకుండా ఆ ఇత్తడిలో తిరుగుతుంది. మనవాడికి ఒకసారి అడగడం వచ్చాక ఇక ఆగడం రాలేదు. ఇత్తడే ఎందుకు? ఇనుమైతే ఏమవుతుంది? జిగురు ఎన్నాళ్లకి ఆరుతుంది? వెయ్యి ప్రశ్నలు తక్కువ కాకుండా అడిగాడని, జీవితమంతా దాచుకున్న మాటలన్నీ మేస్త్రికి ఆ మూడు రోజుల్లోనే ఖర్చయిపోయాయని వీధిలో అందరూ అంటారు. మూడో రోజు మేస్త్రే మందుల షాపుకి వెళ్లి మాత్రలు తెచ్చుకున్నాడు. రబ్బరు బిళ్లలు సొరుగులోంచి తెచ్చిచ్చింది భార్య.

ఆ పైన ఆదివారం మేస్త్రి తన పడవని తనే తోసుకుని ఎక్కాడు. టైలరు గట్టు మీద, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పలక దింపగానే మెత్తగా దిగింది. లోపల ఒక్క చుక్క నీరు లేదు. అంతా బాగానే ఉంది గానీ పడవ మాత్రం నిలబడ్డచోటే గిర్రున మూడు చుట్లు తిరిగింది. తెరచాప తటతటా కొట్టుకుంది. మేస్త్రి చుక్కాని అటు లాగాడు, ఇటు లాగాడు. ఇనుము మాట వింటుంది. గాలి వినదు. నాలుగో చుట్టులో తెరచాప కింది అడ్డకర్ర వచ్చి టోపీ ఎగరగొట్టింది. గట్టు మీద బావ అరిచాడు, "మేస్త్రీ, అది లేతు కాదయ్యా, అక్కడే తిప్పడానికి!"

మేస్త్రి ముందుజాగ్రత్తగా తెచ్చుకున్న తెడ్డేసుకుని ఒడ్డుకొచ్చాడు. టైలరు కళ్లల్లోకి చూడకుండా, పెట్టె మీద గ్రీజు తుడుస్తూ అన్నాడు:

"గాలి ఎటుందో నాకు తెలీదు టైలరూ. ఎక్కి పట్టుకో."

మనవాడు ప్యాంటు మడుచుకుని ఎక్కి వెనకాల కూర్చున్నాడు. తెరచాప అంచు వణికే దాకా ఆగి, తాడు కాస్త లాగాడు. గుడ్డ బిగిసింది. పడవ పక్కకి వంగి, గాలికి ఎదురుగా, తిన్నగా బయల్దేరింది. మేస్త్రి రెండు చేతుల్తో పడవ అంచు పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"పడిపోతామా?" అన్నాడు.

"పడం. నీ బరువు ఇటు వెయ్యి," అన్నాడు టైలరు.